ఖర్దుంగ్‌లాకి జంతికల డబ్బా

"ఈ ఏడు గూడబాతులు ఇంకా వెళ్ళలేదండీ," అన్నాడు దోనెలో కూర్చున్న పెద్దమనిషి.

"చెరువుల్లో చేప బలిసింది కదండీ మరి," అన్నాడు రాజరత్నం.

కోడ్ సరిపోయింది. రాజరత్నం మోకాలు పట్టుకుని దోనెలోకి దిగాడు. ఇరవై ఏళ్ళుగా కొల్లేటి మధ్యన ఇవే బ్రీఫింగులు. ఎదుట చేపల మేత వ్యాపారి వేషంలో ఉన్నది అతని చీఫ్, సోమరాజు.

2004 మే నెల. ఏలూరు పవర్‌పేటలో హోసన్నా ట్రావెల్స్ ఓనరుగా అందరికీ తెలిసిన రాజరత్నం, అసలుకి సీక్రెట్ ఏజెంట్. అలిసిపోయిన ఏజెంట్.

"తాడేపల్లిగూడెం చర్చివాళ్ళకి లడఖ్ టూర్ ప్లాన్ చేస్తున్నారటగా? మనాలి, కీలాంగ్, సర్చూ, లేహ్, ఖర్దుంగ్‌లా. అవునా?"

"అవునండి. వచ్చే నెల ప్రయాణం."

"విదేశీ ముఠా ఒకటి మీ సామానులో ఒక పెట్టె చేరుస్తుంది. మీరు మజిలీ చేసిన ప్రతిచోటా అది మన ఆర్మీ వైర్‌లెస్ విని, వాళ్ళకి పంపుతుంది. భక్తిగా టూరుకెళ్ళే టీచరమ్మల సంచులు ఏ చెక్‌పోస్టులోనూ గట్టిగా వెతకరు కదా! ఆఖర్న ఖర్దుంగ్‌లా కనుమ మీద పేలిపోతుంది. సాక్ష్యం ఉండదు, మనుషులూ ఉండరు."

"ఆ గుంపులో మా ఆవిడ ఉందండీ. టూర్ రద్దు చేసేద్దాం," అన్నాడు రాజరత్నం.

"చేస్తే ఇంకో గుంపుని చూసుకుంటారు. అందులో మీ ఆవిడ ఉండదు, అంతే తేడా. పెట్టె చేర్చే చేతిని పట్టుకోండి. గైడుగా షారోన్ వస్తుంది. ముఠాలో ఉంటూ మనకి పనిచేసే డబుల్ ఏజెంట్. గూడెం మిషన్ కాంపౌండ్‌లో పుట్టి పెరిగిన పిల్ల. ఆమెను నమ్మండి."

చీఫ్ ఒక వాచీ ఇచ్చాడు. ట్రాన్స్‌మిటర్ దగ్గరకొస్తే కుయ్యిమంటుందట. తీరా చూస్తే అందులో బ్యాటరీ లేదు.

"బ్యాటరీకి ఇండెంట్ పెట్టాం," అన్నాడు చీఫ్, నీళ్ళవైపు చూస్తూ.

ఇంటికెళ్ళేసరికి భార్య మార్తమ్మ అట్లాస్ ముందేసుకుని కూర్చుంది. రిటైరైన టీచరు. ఎప్పుడో క్యాలెండర్ మీద చూసిన బొమ్మ ఆమెను వదల్లేదు. గడ్డిపరకైనా లేని గోధుమరంగు కొండలు, వాటి మధ్య ఇసుక.

"పుట్టినప్పట్నుంచీ వరిచేలేనండీ. పచ్చదనం చూసి చూసి మొహం మొత్తింది. ఒక్కసారి ఏమీ మొలవని చోటు చూడాలి. లేహ్‌లో మొదటిరోజు కదలకూడదటండీ, ఊపిరాడదట. అక్కడ ఇంకో రోజు కలపండి."

ఎన్నిసార్లు ఒప్పుకుని ఎన్నిసార్లు మానిపించాడో అతనికే గుర్తులేదు. "కలుపుతాలే," అన్నాడు. ఇంత బతుకూ బతికి, ఒక్క ముచ్చట తీర్చబోతే అదీ చావుకే దారి తీస్తోంది.

ప్రయాణం రోజు మధ్యాహ్నం గూడెంలో పాస్టరుగారింట్లో అందరూ చేరారు. సామానంతా, దారిలో తినే జంతికల డబ్బాతో సహా, వరండాలో ఉంది. షారోన్ దిగింది. కూలింగ్ గ్లాసెస్, హైహీల్స్, వీధి చివరిదాకా సెంటు వాసన.

"వందనాలు అంకుల్!" అంటూ రాజరత్నం పక్కనే నిలబడింది.

జాషువా పాస్టరుగారు ప్రయాణ ప్రార్థన మొదలుపెట్టారు. కళ్ళు తెరిచి ఉండాలన్నది రాజరత్నం డ్యూటీ. కానీ ప్రార్థనలో కళ్ళు మూయడం అమ్మ నేర్పిన అలవాటు. రెప్పలు వాటంతటవే వాలిపోయాయి. నిజం చెప్పాలంటే ఆ కాస్త చీకటి అతనికి హాయిగానే ఉంది. పాస్టరుగారు ఒక్కో కనుమనూ పేరుపేరునా దేవుడికి అప్పగిస్తున్నారు. ఖర్దుంగ్‌లా దాటేసరికి చాలాసేపు పట్టింది.

"...ఆమేన్."

ఆ వెంటనే, ఎవరూ చెప్పకుండానే, అందరూ పరలోక ప్రార్థన అందుకున్నారు. మిషన్ కాంపౌండ్ పిల్లని నిద్రలో లేపినా అందుకుంటుంది.

పక్కన షారోన్ గొంతు లేదు. సెంటు వాసనా లేదు.

రాజరత్నం కళ్ళు తెరిచాడు. వరండాలో షారోన్ జంతికల డబ్బా మూత బిగిస్తోంది. పాస్టరుగారి ప్రార్థన పొడుగని ఎవరో చెప్పి ఉంటారు. దాని వెనకాల అందరూ గొంతు కలిపేది ఒకటుందని మాత్రం చెప్పలేదు.

అతను కుంటుకుంటూ పరిగెత్తి డబ్బా లాక్కున్నాడు. ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సెల్‌ఫోన్ తీసి ఒక బటన్ నొక్కింది. డబ్బాలో టిక్కుటిక్కుమన్న చప్పుడు మొదలైంది.

"మీ టూర్ ఇక్కడే ముగిసింది అంకుల్!" అని గేటువైపు ఉరికింది.

రాజరత్నం డబ్బాని గోడ అవతలి చేపల చెరువులోకి విసిరాడు. అది నీటిలో మునిగిందో లేదో ఢామ్మంది. నీళ్ళు తాటిచెట్టంత లేచాయి. పెరట్లో రెండు శీలావతి చేపలు వచ్చి పడ్డాయి.

గేటు దగ్గర షారోన్ రెక్క మార్తమ్మ చేతిలో ఉంది. "కదిలావంటే చూడు!" అంది, క్లాసులో అన్నట్టే. ఆ పట్టు సోమరాజు మనుషులు వచ్చేదాకా సడలలేదు.

షారోన్‌ని ఎక్కించుకుని వాళ్ళ జీపు వెళ్ళిపోయింది. రాజరత్నం అరుగు మీద కూలబడ్డాడు. ఇరవై ఏళ్ళ అబద్ధం ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తెలియలేదు.

"మార్తా, నేను నిజానికి..."

"తెలుసండీ," అంది ఆమె, చేపలు ఏరి బకెట్లో వేస్తూ. "ట్రావెల్స్ పెట్టిన మనిషి ఇరవై ఏళ్ళలో పెళ్ళాన్ని ఒక్క ఊరైనా తిప్పలేదంటే, అది ట్రావెల్స్ కాదని నాకు తెలియదా? లేవండి. రైలుకి ఇంకా టైముంది. జంతికలు పోతే పోయాయి గానీ, ప్రార్థన సగంలో ఆపేశారు. ముందది పూర్తి చెయ్యండి."