చీలిన చంద్రుడి మీద మూడో గొంతు

సంకేతలిపి చూసే సైఫర్ సెక్షన్ గుమాస్తా లిఫ్టులో చనిపోయి ఉన్నాడు. నాలుగో అంతస్తుకూ ఐదో అంతస్తుకూ మధ్య, చేతిలో గొడుగుతో, ఎవరికో దారి ఇస్తున్నట్టు ఒక పక్కకు ఒదిగి నిలబడిపోయాడు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు.

ఆ ఫొటోను బల్ల మీదికి తోసి పెద్దాయన కళ్ళు నులుముకున్నాడు. డిపార్ట్‌మెంటు చీఫ్‌ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. ఎదురుగా కూర్చున్న ఏజెంటునూ అంతే. ఫైళ్ళలో అతని కోడ్‌నేమ్ ‘ఆవలింత’. పదకొండేళ్ళ సర్వీసులో ఆ పేరుకు అతను ఒక్కరోజు కూడా మచ్చ తేలేదు.

ఉదయం ఐదున్నర అయింది.

“నిన్న సాయంత్రం పోయాడు. పోయే ముందు మన ఫీల్డ్ ఏజెంట్ల లిస్టు అమ్మేశాడు. తొమ్మిది పేర్లు. తొమ్మిది మందీ అవతలి దేశంలో పనిచేస్తున్నవాళ్ళే.”

“ఎవరికి అమ్మాడు?”

“అవతలి దేశపు ముఠాకి. కానీ సరుకు ఇంకా సరిహద్దు దాటలేదు. మూడు వారాలుగా ఫోన్లు, మెయిళ్ళు, మనుషులు, అన్నీ మన జల్లెడలోంచే పోతున్నాయి కదా. అందుకని కొత్త దారి కనిపెట్టారు.” పెద్దాయన సొరుగులోంచి ఒక ప్లాస్టిక్ పాస్ తీశాడు. “వాడి జేబులో దొరికింది.”

పాస్ మీద స్పేస్‌సూట్ వేసుకున్న సైనికుడు, అతని వెనక నిలువునా చీలిన చంద్రుడు. అదొక వీడియో గేమ్ ప్రివ్యూ పాస్.

“మధ్యాహ్నం పన్నెండింటికి ఈ ఆట విడుదల. నలభై లక్షల మంది ఒకేసారి దింపుకుంటారు. అందులో ముఠావాడు ఎవడో ఎలా పట్టుకుంటాం? లిస్టు ఈ ఆటలోనే ఉంది. ఒక్కళ్ళే ఆడుకునే క్యాంపెయిన్ ఉంటుందట. అందులో ఎక్కడో.”

“విడుదల ఆపించండి సార్.”

“ఆపితే మనకు తెలిసిపోయిందని వాళ్ళకు తెలుస్తుంది. రేపు ఇంకో దారి వెతుక్కుంటారు. నువ్వు తీసెయ్యక్కర్లేదయ్యా. మార్చు.” ఇంకో కాగితం జరిపాడు. “మన తొమ్మిది పేర్ల బదులు ఈ తొమ్మిదీ వెళ్ళాలి. ముఠాలో పెద్ద తలకాయలవి. సొంతవాళ్ళే ద్రోహులనుకుని కొట్టుకు చస్తారు.”

ఆవలింత పారిపోయే దారి ఏదైనా ఉందేమోనని గది నాలుగు మూలలూ చూశాడు. నిన్న రాత్రి వరకు ఓడరేవులో పడిగాపులు కాసి వచ్చాడు. పెళ్ళయి నలభై రోజులయింది. అందులో ఇంట్లో తిన్నవి పదకొండు భోజనాలు.

“నీ కవర్ వేషం వారపత్రిక గేమ్ విమర్శకుడు. కళ్ళజోడులో కెమెరా ఉంది. పెన్నులో ట్రాన్స్‌మిటర్ ఉంది.”

“పెన్ను రాస్తుందా?”

“రాయదు. మిగతావన్నీ చేస్తుంది.” పెద్దాయన సొరుగు మూశాడు. “ఇంకో సంగతి. అమ్ముడుపోయిన లిస్టులో ఏడో పేరు మీ బావమరిదిది.”

ఆవలింతకు నిద్రమత్తు వదిలిపోయింది. అతని భార్య దృష్టిలో తమ్ముడు పరాయి రేవులో ఓడ మీద వంటవాడు. భర్త ఇన్సూరెన్స్ సర్వేయరు. బావమరిది ఏం చేస్తాడో ఆవలింతకు తెలుసు. బావ ఏం చేస్తాడో బావమరిదికి తెలియదు. పాపం, ఆమెకు ఇద్దరి సంగతీ తెలియదు.

బయటికి వచ్చి మెట్లు దిగుతుంటే ఫోన్ టింగుమంది. భార్య మెసేజ్. “నిన్న పరదాలు కుట్టి ఇచ్చారు. ఎంత బాగున్నాయో! తమ్ముడికి ఫొటో పంపితే అరటిపండు తొక్కలా ఉన్నాయన్నాడు. వాడి నోరు పడ. మీరు మాత్రం బాగున్నాయనే అనాలి.”

ఆవలింత నడక ఆపకుండానే, “చాలా బాగున్నాయి,” అని టైప్ చేశాడు.

*

గేమ్ స్టూడియో ఒక పాత భవనం మూడో అంతస్తులో ఉంది. కాఫీ మెషీన్‌కు ‘పనిచేయదు’ అని చీటీ అంటించారు. కింద ఎవరో పెన్సిల్‌తో ‘మేమూ అంతే’ అని రాశారు. సగం బల్లల కింద చుట్టచుట్టిన పరుపులున్నాయి.

పబ్లిసిటీ మేనేజర్ ఎదురొచ్చింది. మడమల దాకా నీలం కోటు, జడలో వెండి క్లిప్పు, నడిస్తే గది మొత్తం తలెత్తి చూసే నడక. స్టూడియోలో ఆమెను నీలం కోటు అనే పిలుస్తారు. రెండేళ్ళుగా డిపార్ట్‌మెంటుకు లోపలి మనిషి.

“మీ చంద్రుడు ఎప్పుడు చీలాడండీ?” అని అడిగాడు ఆవలింత.

“బడ్జెట్ అయిపోయిన రోజున.”

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు కాస్త బొంగురు. ప్రతి వాక్యం చివరా నవ్వును మింగేసినట్టు చిన్న విరుపు. అతన్ని రివ్యూ గదిలో కూర్చోబెట్టి, ఆటలో అన్ని తలుపులూ ముందే తెరిచి ఉన్న సేవ్ ఫైల్ పెట్టించి, చెవి దగ్గరికి వంగింది.

“నాక్కూడా ఇంతవరకే తెలుసు. లిస్టు చివరి మిషన్‌లో ఉంటుంది. కోట లోపల. బయట తిరగకండి. ఇష్టమొచ్చినట్టు తిరిగే ఆ ఓపెన్ వరల్డ్ అంతా ఒకటే తంతు. ఒక్క శిబిరం కట్టి అరవై చోట్ల అచ్చేశారు. నిజం చెప్పాలంటే మా ఆటలో అది పరమ బోరు.”

ఆరుంబావుకు ఆవలింత చీలిన చంద్రుడి మీద కాలు పెట్టాడు.

కోటకు వెళ్ళే దారిలో ఒక గంట అతనికి మిషన్ గుర్తే రాలేదు. సైనికుడి ముంజేతిలోంచి ఉక్కుతాడు దూసుకెళ్ళి కొండ అంచును పట్టుకుంటుంది. మరుక్షణం మనిషి గాలిలో ఉంటాడు. శత్రువు విసిరిన బాంబును ఆ తాడుతోనే లాగి తిరిగి వాడి మీదికే విసరొచ్చు. తుపాకీ పేలితే భుజానికి తగిలినట్టే ఉంటుంది. శిబిరాన్ని ముందునుంచి కొట్టొచ్చు, కొండ మీంచి దూకొచ్చు, వాహనం ఎక్కి గోడ బద్దలుకొట్టుకుని పోవచ్చు. ఎవడూ అడ్డు చెప్పడు. ఒక శత్రు సైనికుడు, “మనకు సెలవులు ఎప్పుడిస్తారో!” అని పక్కవాడితో అంటుంటే ఆవలింతకు వాణ్ణి కాల్చబుద్ధి కాలేదు. పక్కనుంచి వెళ్ళిపోయాడు.

తర్వాత కోట మొదలైంది. నడవ తర్వాత నడవ, అన్నీ ఒకే బూడిదరంగు. ప్రతి పది నిమిషాలకూ విలన్ వెలుగుబొమ్మగా ప్రత్యక్షమై వేలు చూపిస్తూ ఉపన్యాసం ఇస్తాడు. ఎదురుపడి ఒక్క పనీ చేయడు. అసలు కథంతా ఎప్పుడో జరిగిపోయింది. మనం వచ్చేసరికి చెప్పుకోవడమే మిగిలింది. తొమ్మిదింటికి ఆవలింత చివరి మిషన్ పూర్తి చేశాడు. ప్రతి గోడా తడిమాడు. ఏమీ లేదు.

కుర్చీలో వెనక్కి వాలాడు. మెడ పట్టేసింది. ఏడో పేరు నెత్తి మీద కూర్చుంది.

అప్పుడు తట్టింది. పదకొండేళ్ళలో అతను ఆయుధాలమ్మే వాళ్ళను చూశాడు, దొంగ పాస్‌పోర్టులమ్మే వాళ్ళను చూశాడు. విడుదల రోజున సొంత సరుకును విమర్శకుడి ముందు తిట్టే అమ్మకందారును మాత్రం చూడలేదు. నీలం కోటు ఓపెన్ వరల్డ్‌ను పరమ బోరు అంది. అంటే అక్కడికి వెళ్ళొద్దంది.

అతను ఉక్కుతాడు విసిరి కోట గోడ దూకాడు.

బయట ఆమె చెప్పిన మాట మాత్రం అబద్ధం కాదు. అవే దేవదారు చెట్లు, అదే రాయి, అదే శిబిరం. ప్రతి శిబిరంలోనూ ఒక చచ్చిపోయిన సైనికుడి ఆడియో రికార్డింగు. మొత్తం అరవై రెండు. ప్రతిదీ గాలి హోరుతో, ఒక నిట్టూర్పుతో, “ఎవరైనా వింటున్నారా?” అన్న ప్రశ్నతో మొదలవుతుంది. నిజాయితీగా చెప్పాలంటే ఎవరూ వినరు. మొదటి వాక్యానికే బటన్ నొక్కి పోతారు. ఆవలింత పూర్తిగా విన్నాడు. ఒకటి, రెండు, పది, ఇరవై. ఇద్దరే నటులు. ఒక మగ, ఒక ఆడ. మగవాడే ముసలి కెప్టెన్, వాడే కుర్ర డ్రైవరు. ఆడమనిషి డాక్టరమ్మ, ఆవిడే మెకానిక్. ముప్పై రికార్డింగులయ్యేసరికి వాళ్ళిద్దరూ చుట్టాల్లా అనిపించారు. పాపం ఎంత కష్టపడ్డారో అనుకున్నాడు.

పదకొండు ఇరవైకి యాభై మూడో శిబిరంలో రికార్డింగు నొక్కాడు. గాలి హోరు, నిట్టూర్పు. “ఎవరైనా వింటున్నారా? గోదాములో మిగిలిన సామాను చెబుతున్నాను. తాళ్ళు ఏడు, దీపాలు మూడు, దుప్పట్లు పన్నెండు...” నాలుగు నిమిషాల చిట్టా.

అది ఆ ఇద్దరి గొంతూ కాదు. కాస్త బొంగురు గొంతు. ప్రతి వాక్యం చివరా నవ్వును మింగేసినట్టు చిన్న విరుపు.

లిస్టును బయటి నటి చేతికి ఎలా ఇస్తుంది? తనే చదువుకుంది.

పెన్ను ద్వారా రికార్డింగు సైఫర్ సెక్షన్‌కు వెళ్ళింది. ఆరు నిమిషాల్లో పెద్దాయన ఫోన్‌లో పలికాడు. “అదేనయ్యా. సామాను అంకెల్లో తొమ్మిది పేర్లూ ఉన్నాయి. ముఠా తలకాయల పేర్లకు కూడా ఇలాంటి చిట్టా తయారు చేయించి నీ ఫోన్‌కు పంపిస్తున్నా. టైమెంత?”

“పదకొండు ముప్పై.”

*

స్టూడియోలో ఆటను బిల్డు చేసి, అంటే ప్యాకేజీ కట్టి పంపే ఇంజనీరును అందరూ బిల్డు మావయ్య అంటారు. చొక్కా బొత్తాలు ఒకదాని బదులు ఇంకోదాంట్లో పెట్టుకుని, నాలుగు తెరల ముందు కూర్చుని ఉన్నాడు.

“మావయ్యా, మీ ఆటలో ఎంతమంది గొంతులున్నాయి?”

“ఇద్దరివి బాబూ. ఇద్దరికే ఇచ్చారు మాకు.”

“యాభై మూడోది వినండి.”

బిల్డు మావయ్య విన్నాడు. ఫైలు తేదీ చూశాడు. ముఖం కందగడ్డ అయింది. “నేను తాళం వేశాక దూర్చారు! నా బిల్డులో, నాకు తెలియకుండా! ఆరు వారాలుగా ఇంటి మొహం చూడకుండా కాపలా కాస్తే!”

“మార్చగలరా?” అంటూ ఆవలింత డిపార్ట్‌మెంటు కార్డు చూపించాడు.

“ప్యాకేజీలో ఇప్పుడు వేలు కూడా పెట్టలేం. కానీ మొదటి రోజు ప్యాచ్ ఉంది. మా తప్పులు దిద్దే చిన్న ఫైలు. ఆట తెరుచుకునే ముందే పాతదాని మీద కొత్తది కూర్చుంటుంది. తప్పులు లేకుండా విడుదల చేసే అలవాటు ఈ వ్యాపారంలో ఎవరికీ లేదులెండి. పదకొండు యాభై ఐదు లోపు నా చేతికివ్వండి.”

నీలం కోటు వాయిస్ బూత్‌లో దొరికింది. గోడలకు స్పాంజి అతికించిన ఇరుకు గది. అతన్ని చూడగానే కోటు జేబులోకి చెయ్యి పోనిచ్చింది.

“సూది అయితే వద్దు,” అన్నాడు ఆవలింత తలుపుకు ఆనుకుంటూ. “పడిపోతే లేచే ఓపిక లేదు నాకు.”

ఆమె చెయ్యి ఆగింది. “ఎలా తెలిసింది?”

“మీ ఆట మొత్తం ఓపిగ్గా విన్నవాణ్ణి నేనొక్కణ్ణే. కూర్చోండి. గుమాస్తా ఎప్పుడు పోయాడో తెలుసా? సరుకు మీ చేతికిచ్చిన గంటకి. అతని పని అయిపోయింది కాబట్టి. మీ పని పన్నెండింటికి అయిపోతుంది.”

గోడ గడియారం పదకొండు నలభై ఒకటి చూపిస్తోంది.

“వాళ్ళు నన్నలా చెయ్యరు,” అంది చివరికి. ఈసారి నవ్వు విరుపు లేదు.

“అతనూ అలాగే అనుకుని లిఫ్టు ఎక్కాడు.” ఆవలింత ఫోన్ తీసి చిట్టా ఆమె ముందు పెట్టాడు. “ఇది చదవండి. అదే గొంతుతో, అంతే నెమ్మదిగా. వెనక గేటు దగ్గర మా డిపార్ట్‌మెంటు లాండ్రీ వ్యాను ఉంది. సీటు బాగోదు. కానీ ప్రాణంతో దిగుతారు.”

“ఎవరి పేర్లు ఇవి?”

“మిమ్మల్ని లిఫ్టు ఎక్కించేవాళ్ళవి.”

ఆమె చాలాసేపు ఆ చిట్టా చూసింది. అతని వంక కూడా చూసింది. “మీరు నిద్రపోయి ఎన్నాళ్ళయింది?”

“మైకు ఆన్ చెయ్యండి.”

ఆమె నిట్టూర్చింది. రికార్డింగుకు సరిగ్గా కావలసిన నిట్టూర్పు. “ఎవరైనా వింటున్నారా?”

మొదటిసారి మూడో నిమిషంలో దగ్గు వచ్చింది. రెండోసారి సరిగా కుదిరింది. ఆమె వెనక గేటు వైపు వెళ్ళింది. ఫైలు బిల్డు మావయ్య చేతికందేసరికి పదకొండు యాభై ఆరు. బిల్డు మావయ్య తిట్టుకుంటూనే దాన్ని ప్యాచ్‌లో పెట్టాడు. తెర మీద ఆకుపచ్చ గీత పాకడం మొదలుపెట్టింది. ఎనభై శాతం. తొంభై ఒకటి. తొంభై ఏడు దగ్గర ఆగిపోయింది.

“ఇది ఎప్పుడూ ఇంతే బాబూ. ఇక్కడికొచ్చి ఆలోచిస్తుంది.”

ఆవలింత కుర్చీ వీపును పట్టుకున్నాడు. ఎక్కడో ఒక రేవులో ఒక కుర్రాడు అక్కకు మెసేజ్ పెడుతూ ఉంటాడు. పన్నెండింటికి ఇరవై సెకన్లుంది. పదకొండు సెకన్లుంది. గీత వణికింది, జారింది, నూరు దగ్గర ఆగింది. రెండు సెకన్ల తర్వాత నలభై లక్షల తెరల మీద చంద్రుడు చీలాడు.

బిల్డు మావయ్య బల్ల మీద తల పెట్టి అక్కడికక్కడే నిద్రపోయాడు.

*

ఆవలింత ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరు. కొత్త ఇల్లు, గుమ్మం దగ్గర రెండు జతల చెప్పులు. ఎన్నిసార్లు చూసినా ఆ రెండో జత అతనికి ఆశ్చర్యమే. భార్య ఫోన్‌లో ఎవరితోనో నవ్వుతోంది.

“ఇదిగో వచ్చేశారు, నువ్వే మాట్లాడు. ఏమండీ, తమ్ముడు.”

అతను ఫోన్ అందుకున్నాడు. “ఎలా ఉన్నావు?”

“ఏం చెప్పను బావా, కొత్త ఆట కొన్నాను. విడుదలైన దగ్గర్నుంచి ఆడుతున్నా. తాడుతో ఎగరడం అదిరింది. తుపాకులూ బాగున్నాయి. కథ మాత్రం దండగ. ఒక చోట సైనికురాలు తాళ్ళు నాలుగు, దీపాలు తొమ్మిది అని సామాను చిట్టా చదువుతుంది బావా! యుద్ధం మధ్యలో!”

“పూర్తిగా విన్నావా?”

“ఎవరు వింటారు? రెండో లైనుకే ఆపేశాను. అది పెట్టినవాడెవడో గానీ, వాడికి ఆటల గురించి ఓనమాలు తెలీవు.”

“పెద్దగా తెలీవులే,” అని ఆవలింత ఒప్పుకున్నాడు.