నాలుగు వందల ఎడమ చేతులు

పొద్దున్న కాఫీ చల్లారేలోపే ఆ కుర్రాళ్లు సైనికులైపోయారు. మెడకు కండస్మృతి పట్టీ చుట్టుకుని కాసేపు కళ్లు మూసుకున్నారు. లేచేసరికి, జన్మలో తుపాకి ముట్టనివాడు కూడా చీకట్లో దాన్ని విప్పి బిగించేస్తున్నాడు.

రోమన్లు చూస్తే కుళ్లుకుని చచ్చేవారు. పాపం, వాళ్లు అసలు కత్తికి రెట్టింపు బరువున్న కొయ్యకత్తి చేతికిచ్చి, పాతిన గుంజను నెలల తరబడి పొడిపించేవారు. రోజంతా నడిపించి, సాయంత్రం కందకం కూడా తవ్వించేవారు. తర్వాతి సైన్యాలు గొంతు చించుకుని లెఫ్ట్ రైట్ అరవడం తప్ప పెద్దగా కనిపెట్టిందేమీ లేదు. ఆలోచన కంటే ముందు శరీరం కదలాలి, అందరికీ కావలసింది అదే. మేజర్ రుద్రరాజు వసుంధర దాన్ని పట్టీలో పెట్టి చూపించింది. ఆమె గర్వపడిందంటే తప్పేముంది?

పట్టీలో ఉన్నదంతా ఒక్క మనిషి ఒడుపు. శ్రీకాకుళం వైపు హవల్దార్ గుమ్మడి అప్పలస్వామి కండల్లోని కదలికలన్నీ యంత్రానికెక్కించారు. నిరుడు గుండె ఆగి ఆయన పోయాడు. ఈరోజు కవాతుకు ఆయన భార్య నూకాలమ్మను గౌరవంగా పిలిపించారు.

నాలుగు వందల మంది ఒకే నడక నడిచారు. ఆ నడక గుర్తుపట్టి నూకాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మైదానానికి అడ్డంగా తవ్విన కందకం దూకిన ప్రతివాడూ అవతల ఆగి, వెనక్కి తిరిగి, ఎడమ చెయ్యి గాలిలోకి చాపి, ఒక్క క్షణం ఉండి ముందుకు సాగాడు.

"అదొక్కటే లోపమండీ," అంది వసుంధర మొహమాటంగా. "ఎందుకొచ్చిందో అంతుపట్టలేదు. మధ్యాహ్నం తుడిచేస్తాం."

"లోపం కాదమ్మా, అది నాను," అంది నూకాలమ్మ. "నా ఎడంకాలు సిన్నప్పట్నుంచీ సరిగ్గా ఆనదు. పొలం దారిలో కాలవుంది. ముందు తాను దాటీసి, ఎనక్కి తిరిగి నాకు సెయ్యందించీవోరు."

ఇంత పెద్ద యంత్రానికి ఇంత చిన్న సంగతి తెలియలేదు.

"అయితే ఉంచేస్తామమ్మా. ఆయన గుర్తుగా ఉండనీండి," అంది వసుంధర.

నూకాలమ్మ మెల్లగా కందకం దాకా వెళ్లింది. అప్పుడే దూకిన కుర్రాడు చెయ్యి చాపాడు. ఆమె దాన్ని పట్టుకుని దాటింది. అదే పట్టు, అదే ఊతం. మొగుడు పోయాక ఇన్నాళ్లకు ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ కుర్రాడు ఏం చెయ్యాలో తోచక అలాగే నిలబడిపోయాడు.

కళ్లు తుడుచుకుని ఆమె మేజర్ వైపు తిరిగింది.

"తీసియ్యండమ్మా."

"అదేంటమ్మా?"

"తుపాకులు పేల్తుంటే ఎనక్కి తిరిగి నిలబడ్డోడు బతుకుతాడా? ఏ తల్లి కన్న బిడ్డో నాకోసం సెయ్యి సాపుకొని సచ్చిపోకూడదు. తీసియ్యండి."

మధ్యాహ్నం తుడిచేశారు. నూకాలమ్మ అవతలి గట్టునే కూర్చుని కళ్లార్పకుండా చూసింది. అందరూ దూకారు. ఒక్కడూ వెనక్కి తిరగలేదు. గేటు ఇవతలి వైపుంది. వసుంధర చెయ్యి అందించబోతే ఆమె వద్దంది. కందకం చివరిదాకా కుంటుకుంటూ నడిచి, చుట్టు తిరిగి వచ్చి బస్సెక్కింది.