జీను గదిలో పెత్రమాస

దుబాయి అవతల రాస్ అల్ ఖైమా దాటాక కొండల కింద ఒక గుర్రాల శాల ఉండేది. దాని యజమాని అమెరికా దొర. తన ముత్తాత వాడిన జీను, నీలం కోటు, కోటుకు గుచ్చిన పతకం, ఆయన మీసాల ఫొటో ఓడలో తెప్పించి మరీ జీను గదిలో పెట్టుకున్నాడు. ఆ ముత్తాత అమెరికా గుర్రపు దండులో సిపాయి. తెల్లవారుజామున ఆదివాసుల గూడేల మీద పడి, పారిపోయినవాళ్లను వెంటాడి పట్టుకొచ్చినందుకు సర్కారు ఆ పతకమిచ్చింది.

"పేరు చెప్పి పంపితే చాలు, ఏనాడూ వట్టి చేతులతో తిరిగి రాలేదు" అని దొర మురిసిపోయేవాడు.

"ప్రాణాలతోనే తెచ్చేవాడా?" అని హయాత్ బాషా ఒకసారి అడిగాడు. దొర నవ్వేసి మాట మార్చాడు.

బాషాది రాయచోటి. అతనితో పాటు గుర్రాలను చూసుకునే పర్శరాములుది జగిత్యాల పక్క పల్లె. పోయినేడు వానాకాలంలో పర్శరాములు భార్య ఐలవ్వ చనిపోయింది. దొర వెళ్లమన్నా ఆఫీసు నడిపే ముదీర్ పాస్‌పోర్టు చేతికివ్వలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు. కడసారి చూపు దక్కలేదు. విచిత్రం, ఏడుపు కూడా రాలేదు. ఆనాటి నుంచి తింటున్నాడు, పడుకుంటున్నాడు, డెక్కలు శుభ్రం చేస్తున్నాడు. లోపల ఏదో మొద్దుబారిపోయింది. గిల్లి చూసుకున్నా నొప్పి తెలియడం లేదు.

2006లో, చనిపోయినవాళ్లకు బువ్వ పెట్టే పెత్రమాస రంజాన్ నెల ముంగిట వచ్చింది. ఆ పొద్దున కూతురు లావణ్య ఊరి నుంచి ఫోన్ చేసింది.

"బాపూ, అత్త నాకు పచ్చగాజులు ఏసింది. మాపటికి బతుకమ్మ ఆడ పోతున్న. అమ్మకు నువ్వే పెట్టాలె. నువ్వు పెట్టకుంటె అమ్మ ఆకలితోని తిరుగుతదట."

"పెడత బిడ్డా" అన్నాడు. ఈ ఒక్కటైనా సరిగ్గా చెయ్యాలనుకున్నాడు.

పొద్దుగూకాక అన్నం, కోడికూర పళ్లెంలో పెట్టుకుని జీను గదికి వెళ్లాడు. పెద్దలకు పెట్టాక తలుపు మూసి పక్కకు తప్పుకోవాలి. మనిషి చూస్తుంటే వాళ్లు ముట్టరు. శాలలో తలుపు సరిగ్గా పడే గది అదొక్కటే. సిపాయి ఫొటో కింది అరుగు మీద పళ్లెం పెట్టి, అగరొత్తి వెలిగించి, నీళ్లు తిప్పాడు.

ఇక పిలవాలి. పెళ్లయిన నాటి నుంచి భార్యను పేరు పెట్టి పిలిచి ఎరగడు. బిడ్డ పుట్టాక బిడ్డ పేరుతోనే కేకేసేవాడు. ఇప్పుడూ ఆ పిలుపే వచ్చింది.

"ఓ లావణ్యా... బువ్వ పెట్టిన, రా."

గదిలో తోలు వాసన. అగరు పొగ కదలకుండా నిలబడింది. ఇంత దూరం ఆమెకు దారేం తెలుస్తుంది? అతను ఫొటో వైపు తిరిగాడు.

"దొరా, నీకు గుర్రమున్నది. మా లావణ్యను జర తోల్కరా."

తలుపు మూసి బయట కూర్చున్నాడు. బాషా వచ్చి పక్కన చేరాడు. చాలాసేపటికి లోపల పళ్లెం గీరిన చప్పుడైంది. తర్వాత తోలు కిర్రుమంది. జీను పటకా బిగించిన చప్పుడు...

"న్నా, లోపల ఎవురుండారు?" బాషా గొంతు తగ్గించాడు.

"ఎవ్వలు లేరు."

మందుగుండు వాసన వచ్చింది. శాల చివర తెల్ల ఆడగుర్రం ఒక్కసారి సకిలించింది. డెక్కల చప్పుడు వాళ్ల ముందు నుంచే సాగిపోయింది. గుర్రం మాత్రం కనబడలేదు... బాషా కళ్లు మూసుకుని దువా చదువుకుంటున్నాడు. పర్శరాములుకు భయం కూడా వేయలేదు. వస్తుందేమో, అనుకున్నాడు. అంతే.

తెల్లవారుజామున ఫజర్ అజాన్‌కు ముందు డెక్కలు తిరిగొచ్చాయి. నెమ్మదిగా. బరువుగా.

తలుపు తీశాడు. పళ్లెం నాకినట్టు ఉంది. జీను మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. తెల్లగుర్రం తన కొట్టంలోనే ఉంది. ఒళ్లంతా నురగ. అలవాటు కొద్దీ కాలెత్తి డెక్క గీకాడు. తడి మట్టి రాలింది. నల్లమట్టి... వాసన చూశాడు. ఈ ఇసుక దేశంలో ఆ రేగడి లేదు. అది తన చేనిది.

ఇంకా గీకాడు. మట్టిలోంచి పచ్చగాజు ముక్క రాలింది.

"న్నా..." బాషా గుసగుసలాడాడు. "రాత్రి నువ్వు ఎవురి పేరు చెప్పినావు?"

పర్శరాములు గాజు ముక్కను అరచేతిలో తిప్పి చూశాడు. ఇప్పుడూ ఏమీ అనిపించలేదు. ఇంటికి ఫోన్ చేశాడు.

ఎత్తారు.

"బిడ్డా... లావణ్యా?"

ఫోన్లో గుర్రం ముక్కు చీదింది, రాత్రి తలుపు వెనక విన్నట్టే తోలు కిర్రుమంది.

కొట్టంలో తెల్లగుర్రం చెవులు నిక్కించింది. ఫోన్ వైపు తల తిప్పి, మెల్లగా బదులు పలికింది.