వదిన ఎత్తిన ఫోను

మా ఆయన ఆసుపత్రిలో పడి నాలుగు రోజులైంది. ఆ నాలుగు రోజుల్లో నేను ఎక్కి దిగిన మెట్లు ఒకదానిమీద ఒకటి పేరిస్తే చందమామకి నిచ్చెన వేయొచ్చు. ఐదో రోజు మధ్యాహ్నం కోడలు ఆఫీసుకి పోతూ నన్ను ఇంటి దగ్గర దించింది. స్నానం చేసి ఫోను దగ్గర కూర్చోమంది. డాక్టరు ఆపరేషన్ సంగతి అడుగుతాడట. నేను సరే అంటే తప్ప కత్తి పట్టుకోరట.

ఆసుపత్రి కాగితం మీద ఇంటి ల్యాండ్‌లైన్ నంబరే రాశాను. నాకు నోటికొచ్చిన నంబరు అదొక్కటే. ఆ ఫోను పెట్టె ఏనాడో మూగబోయింది. అప్పటినుంచీ ఆ నంబరుకొచ్చే కాల్స్ ఇంటి వైఫై మీద మా సెల్లుల్లోనే మోగేలా కోడలు ఒక యాప్ పెట్టింది. ఎవరు ముందు ఎత్తితే వాళ్ళదే మాట. గేటు దాటితే మాత్రం దానికి నోరు పెగలదు.

ముందు ఎత్తేది ఎప్పుడూ మా వదినే, ఆయన అక్క. మోగకముందే ఎత్తేసేదంటే నమ్మండి. పోయినేడు ఆవిడ పోయింది. చివరి స్నానం చేయించి, తడి ఆరకుండానే వట్టి కాళ్ళతో సాగనంపాం. ఆవిడ సెల్లు పాత సామాన్లవాడికి ఇచ్చేశాం. యాప్‌లో పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. చెరపడానికి మనసొప్పలేదంటే గొప్పగా ఉంటుంది గానీ, నిజానికి చేతకాలేదు.

మంచం మీద వాలాను. తెరలు వేసిన ఇల్లంతా మసక. నాలుగు రోజులు మూసిన గదుల ముక్క వాసన. రూటర్ దీపం పచ్చగా మిణుకుమంటోంది. ఫ్యాను కిర్రు... కిర్రు... నా మోకాళ్ళు దానికి తాళం వేస్తున్నాయి.

సెల్లు మోగింది. చెయ్యి చాపేలోపు ఆగిపోయింది. తెర మీద అక్షరాలు... ఈ కాల్ వదిన ఫోన్‌లో ఎత్తారు.

కళ్ళు నులుముకున్నాను. అలసట, అంతే అనుకున్నాను. మళ్ళీ మోగింది. మళ్ళీ ఆగింది. మళ్ళీ అవే అక్షరాలు.

వదిన పడుకునే పక్క గదిలోంచి తలనొప్పి మందు వాసన. ఆవిడ రోజూ రాసుకునేదే...

నడుస్తున్న కాల్‌లో మధ్యలో చేరే గుర్తొకటి ఉంది. నొక్కాను. గంటలో మొదలుపెట్టకపోతే ప్రాణానికి పూచీ లేదని డాక్టరు ఎవరికో నచ్చజెబుతున్నాడు. దానికి జవాబుగా... గుసగుస.

"మా తమ్ముణ్ణి కొయ్యొద్దు నాయనా. నేనే తీసుకుపోతా."

కొయ్యండి అనబోయాను. గుసగుస నావైపు తిరిగింది.

"నువ్వు పెట్టెయ్, మరదలా. అలిసిపోయావు. ఇక నేను చూసుకుంటాలే."

నేను వెయ్యి కోతలు కోస్తాను గానీ ఇది నిజం. ఆ మాటకి ఒక్క క్షణం... హాయిగా అనిపించింది. నాలుగు రోజులుగా నేను చూసుకుంటాలే అన్న మనిషి లేదు మరి.

ఆ క్షణం చాలింది. లైను తెగింది.

లేచాను. గోడ పట్టుకుని వెళ్ళి రూటర్ తీగ పీకేశాను. పచ్చ దీపం ఆరింది. మందు వాసన పలచబడింది... హాల్లోకి జరిగింది... వీధి తలుపు దాకా వెళ్ళింది. తలుపు ఒక్కసారి కదిలింది. ఇంట్లో ఇక ఏ వాసనా లేదు.

హమ్మయ్య అనుకుని, సెల్లు సొంత నంబరునుంచి, కాగితం చూసుకుంటూ ఆసుపత్రికి చేశాను. నర్సమ్మ ఎత్తింది. నేను ఆయన భార్యని, ఆపరేషన్‌కి సరే, ఈ నిమిషమే మొదలుపెట్టండని గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

సరేనంది. గొంతు తగ్గించింది.

"అయితే ఈ పెద్దావిడకి కాస్త మీరే చెప్పండమ్మా. ఇప్పుడే వచ్చారు. ఆయన చెయ్యి పట్టుకుని వదలట్లేదు. నాలుగు రోజులుగా కళ్ళు తెరవని మనిషి ఆవిణ్ణి చూసి నవ్వుతున్నారు... పాపం, కాళ్ళకి చెప్పులైనా లేవు. నడిచిన చోటల్లా తడి. తుడిచేకొద్దీ ఊరుతోంది..."