గ్రీన్ అప్‌కు రెండో అర్థం

రాయదుర్గం కొండ మీద ఆ ఉదయం కూడా పచ్చనిలుపు ధూళి చల్లి డ్రోన్లు వెనక్కి వెళ్లిపోయాయి. నడివేసవి. తరగతి కిటికీలోంచి చూస్తే గడ్డి మాత్రం శ్రావణంలో ఉన్నట్టే ఉంది. ఆ ధూళి పడిన గడ్డి గాలిలోని తేమ తాగి బతుకుతుంది. ఏ కాలంలోనూ వాడదు.

తిప్పేస్వామి మాస్టారు ఆ పూట ఇంగ్లీషులో 'గ్రీన్ అప్' అనే క్రియ చెబుతున్నాడు. దానికి రెండు వాడుకలున్నాయన్నాడు. ఒక చోటుని మనం పచ్చగా మార్చడం ఒకటి. పచ్చనిలుపు కేంద్రంవాళ్లు కొండను గ్రీన్ అప్ చేశారు అన్నట్టు. ఎండిన నేల వాన పడ్డాక తనంతట తానే పచ్చబడటం రెండోది. మొదటిది పిల్లలకు వెంటనే అర్థమైంది. రెండోది ఎంత చెప్పినా ఎక్కలేదు. వాళ్లలో ఎవరూ ఎండిన గడ్డిని చూసినవాళ్లు కారు.

ఆయన చిన్నప్పుడు ఈ కొండ వేసవిలో రాగిచెంబు రంగుకు తిరిగేది. తొలకరి పడిన కొన్నాళ్లకు, పొద్దున లేచి చూస్తే, బండల సందుల్లో సన్నగా పచ్చదనం. మేకలకంటే ముందు పిల్లలే పరిగెత్తేవాళ్లు. అదంతా చెప్పినా పిల్లలకు కథలాగే అనిపించింది.

పచ్చనిలుపు కేంద్రం అధికారిణి హసీనా ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్నదే. బడి వెనక జాగా ఒక్కటి ధూళి చల్లకుండా వదిలేయమని అడిగాడు. ఆమె ఒప్పుకుంది.

గడ్డి వాడింది, ఎండింది, నేలకంటుకుపోయింది. పిల్లలు బెదిరి అటు వెళ్లడం మానేశారు. గంగోత్రి ఒక్కతే రోజూ వెళ్లి దాని పక్కన కూర్చునేది. నిరుడు తల్లి పోయిన పిల్ల. అప్పట్నుంచీ కంట నీరు పెట్టలేదని, ఎవరితోనూ మాట కలపదని వాళ్ల నాయన బాధపడేవాడు. ఒకరోజు మాస్టారు కూడా వెళ్లి కూర్చున్నాడు.

"అమ్మ పోయినపొద్దు కూడా కొండ పచ్చగానే ఉండె సార్," అంది ఆ పిల్ల. "ఏమీ కానట్టే ఉండె. ఇదొక్కటే అట్ల లేదు."

బడిగంట కొట్టేదాకా ఆయన అక్కడే కూర్చున్నాడు.

వానలొచ్చాయి. ఓ ఉదయం ఎండుగడ్డి మొదళ్లలో సూదిమొనల్లా పచ్చిక కనబడింది. పిల్లలంతా అరుచుకుంటూ పరిగెత్తారు. గంగోత్రి వాళ్ల వెనకే వచ్చి, వంగి ఒక మొలకను వేలితో తాకి, అక్కడే కూలబడి బావురుమంది. మాస్టారు మిగతావాళ్లను లోపలికి పంపి, ఆ పిల్ల ఏడ్చినంతసేపూ పక్కనే నిలబడ్డాడు.

సాయంత్రం హసీనా ఫోన్ చేసింది. పాఠం అయిపోయింది కదా, ఇక ధూళి చల్లించమంటారా అని అడిగింది.

"వద్దమ్మా," అన్నాడాయన. "ఏటేటా దాన్ని ఎండనీ. ఊళ్లో అది ఇంకా చానామందికి కావాల."