మూడో మడత

దర్జీకి ఆ ఊరు మొదటి వారంలోనే నచ్చేసింది. పరాయి దేశంలో పక్కవాడు పోయినా పలకరించే దిక్కుండదని ఊదరగొట్టినవాళ్ళంతా ఉత్త కోతలరాయుళ్ళని తేలిపోయింది. బస్సు డ్రైవరు ఇతన్ని చూడగానే తలూపేవాడు. రొట్టెల కొట్టు ముసలాయన అడక్కుండానే ఇతనికి నచ్చే గట్టి రొట్టె తీసి సంచిలో వేసేవాడు.

"అదృష్టమంటే నాదే," అని ఫోన్లో భార్య దగ్గర గొప్పలు పోయాడు. "వీళ్ళకి నేను కొత్తవాడినన్న ధ్యాసే లేదు."

"మీరు ఎక్కడైనా ఇట్టే కలిసిపోతారు లెండి," అంది ఆవిడ. "ఇక్కడ మన ఉడత తాడిలా ఎదిగిపోతోంది. మీరు కుట్టిన ఎర్ర గౌనుకి రెండో మడత కూడా విప్పేశాను. ఇక ఒక్కటే మిగిలింది."

ఉడత అంటే వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. ఎదిగే పిల్ల బట్టకి అంచున మూడు మడతలు పెట్టి కుట్టడం అతనికి తల్లి దగ్గర అబ్బిన అలవాటు. పిల్ల పొడుగైనకొద్దీ ఒక్కోటీ విప్పుకుంటూ పోవచ్చు, గుడ్డ దండగ కాదు. తల్లీకూతుళ్ళు ఆదివారం ఇక్కడ దిగుతారు. ఆ రోజు కోసం అతను కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తున్నాడు.

చలికాలం. మధ్యాహ్నం టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపే వీధిలో చీకటి పడిపోయేది. అతను పనిచేసే బట్టల మరమ్మతు దుకాణం పక్కనే ఒక లాండ్రీ. సబ్బు వాసన, ఆవిరి వాసన, వాటి అడుగున ఎక్కడో తడి మట్టి వాసన. శనివారం పని ముగించి వెళుతుంటే లాండ్రీ ఆవిడ గుమ్మంలోకి వచ్చి ఆపింది. నడుము దగ్గర అరచెయ్యి పెట్టి చిన్నపిల్ల ఎత్తు చూపించింది. పాప ఎలా ఉందని అడిగింది.

"వస్తోంది, రేపే," అన్నాడు వచ్చీరాని మాటల్లో, సంబరంగా.

ఆవిడ ముఖంలో నవ్వు ఆగిపోయింది. లోపలికి వెళ్ళి, ఒక చిన్న కోటు తెచ్చి అతని చేతుల్లో పెట్టింది.

"ఎన్నాళ్ళుగానో దాచాను. నువ్వు మళ్ళీ వస్తావనుకోలేదు."

అతను నోరు తెరిచేలోపే తలుపు వేసేసుకుంది.

పాపం, ఎవర్ని చూసి ఎవరనుకుందో అని నవ్వుకుంటూ గదికి చేరాడు. కోటు దీపం కింద పరిచాడు. దర్జీ అన్నవాడు పరాయి బట్ట చూస్తే ఊరుకుంటాడా, లోపలి కుట్టు చూడాల్సిందే. అంచు తిరగేశాడు.

దీపం ఇంకా దగ్గరికి లాక్కున్నాడు.

ఎడమచేతి వాటం కుట్టు. చివర ముడి లేదు. ముడికి బదులు మూడు చిన్న వెనక కుట్లు. అది అతని తల్లి పద్ధతి. ఆవిడ పోయాక అలా కుట్టేది ఇద్దరే, అతనూ, అతని దగ్గర నేర్చుకున్న భార్యా.

అంచు మీద విప్పేసిన మడతల గీతలు రెండు, వెలిసిపోయి ఉన్నాయి. మూడో మడత అలాగే ఉంది. టేపు పెట్టి కొలిచాడు. ఉడత ఇప్పుడున్న ఎత్తుకి... సరిగ్గా సరిపోయే కోటు.

మూడో మడత ఎవరూ విప్పలేదు. విప్పే అవసరం రాలేదు. ఆ కోటు తొడుక్కున్న పిల్ల ఎదుగుదల అక్కడితోనే ఆగిపోయింది.

ఫోన్ చేశాడు. "రావద్దు. ఆగిపోండి."

"ఏమైందండీ మీకు? విమానం ఎక్కుతున్నాం." ఆవిడ గొంతులో నవ్వు. లైను తెగిపోయింది. మళ్ళీ కలవలేదు.

బ్లేడు తీశాడు. ఒక్కో కుట్టూ తెంచాడు. మడత విడిపోతుంటే లోపలినుంచి తడి మట్టి రాలి బల్లమీద పడింది. "ఎదుగు తల్లీ... ఎదుగు," అంటూ చివరి కుట్టు కూడా తెంచి, అక్కడే కూలబడి ఏడ్చాడు.

మర్నాడు విమానాశ్రయంలో ఉడత పరుగెత్తుకొచ్చి మెడకి చుట్టుకుంది. ఒళ్ళు వెచ్చగా ఉంది. అతనికి పోయిన ప్రాణం లేచొచ్చింది. వెనకే పెట్టెల బండి తోసుకుంటూ భార్య వచ్చింది.

"మీ కుట్టు కూడా ఊడుతుందని ఇవాళే చూశాను. ఇది విమానంలో నిద్రపోతుంటే గౌను మూడో మడత దానంతటదే విడిపోయింది. ఎవరో బ్లేడు పెట్టి తెంచినట్టు. కాళ్ళకడ్డం పడుతోందని దిగగానే మళ్ళీ కుట్టేశాను. మీరు నేర్పినట్టే లెండి, గట్టిగా."

అతను నేలమీద కూర్చుండిపోయాడు. జనం చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా గౌను అంచు పట్టుకుని పళ్ళతో దారం కొరకబోయాడు. ఉడత అంచు లాగేసుకుంది.

"వద్దు నాన్నా. ఈ ఊళ్ళో పెరగక్కర్లేదట."

"ఎవరన్నారమ్మా?" గుసగుసగా అడిగాడు.

ఉడత అతని భుజం మీదుగా గాజు తలుపు వైపు చూసి, వస్తున్నానన్నట్టు చెయ్యూపింది.

అతను వెనక్కి తిరిగాడు. బయట ఎవరూ లేరు. చీకటి పడుతోంది. గాజు మీద, బయటివైపు, ఉడత ముఖం ఎత్తులో, ఊపిరి తగిలినట్టు ఆవిరి పట్టింది... తగ్గింది... మళ్ళీ పట్టింది.