రెండోసారి చాలంటేనే

చీరాల, 1979 మార్చి. మధ్యాహ్నం రెండున్నర.

పున్నమ్మ మెస్‌లో పత్తి బేరగాడి వేషంలో ఉన్న ఏజెంట్ ప్రభు పక్కన ఒక ముసలాయన వచ్చి కూర్చున్నాడు.

"ఈ ఏడు మిరప ఘాటెంత?"

"తుమ్మినవాడికే తెలుసు."

కోడ్ సరిపోయింది. ఆ ముసలాయన, అంటే చీఫ్ హయాత్, విస్తరి మీంచి చూపు తిప్పకుండా గొంతు తగ్గించాడు.

"నాలుగింటికి తీరంలోని కేంద్రంలో రాకెట్ టెస్ట్. అది ఏ దిక్కుకు పోవాలో ఒక ఫైల్లో ఉంటుంది. సరిగ్గా నాలుగింటికి కంప్యూటర్ ఆ ఫైలు చదువుతుంది."

"ఫైలు మార్చేస్తే?"

"సముద్రంలో పడాల్సింది ఈ నేతపేట మీద పడుతుంది. జనం పోతారు, ప్రాజెక్టు మూతపడుతుంది. విదేశీ ముఠాకు కావాల్సింది అదే."

"కేంద్రానికి ఫోన్ చేద్దాం సార్."

"అక్కడ వాళ్ళ మనిషి ఉన్నాడు. ఎవరో తెలీదు. అది టైమ్ షేరింగ్ మెషిన్. పదిచోట్ల నుంచి పదిమంది వాడుకోవచ్చు. ముఠా టెర్మినల్ రైల్వే గేటు పక్క మిరప గోడౌన్‌లో ఉందని ఫెబా కబురు పంపింది."

ఫెబా వీళ్ళ కంప్యూటర్ నిపుణురాలు. ఆరు నెలలుగా ముఠా మనిషిలా నటిస్తోంది.

"ఒక్కటి గుర్తుంచుకో. వైరు మాత్రం తెంపకు. లైను తెగితే, మనిషి కష్టం వృథా కాకూడదని, అప్పటిదాకా చేసిన మార్పులన్నీ మెషినే సేవ్ చేసేస్తుంది."

పున్నమ్మ గోంగూర వడ్డించింది.

"చాలమ్మా."

మరో గరిటె పడింది.

"చాలు, చాలు!"

అప్పుడాగింది. "మొదటి చాలు మొగమాటం బాబూ. రెండోదే నిజం."

వీధిలో మగ్గాల చప్పుడు. ఈ చప్పుడు సాయంత్రం కూడా వినిపించాలి, అనుకున్నాడు ప్రభు.

మూడూ యాభై రెండు. గోడౌన్ తలుపు తోసుకుని ప్రభు పిస్టల్‌తో లోపలికి దూకాడు. మిరప బస్తాల మధ్య టైపు మిషన్ లాంటి టెర్మినల్. స్క్రీన్ లేదు. కొట్టిన ప్రతి అక్షరమూ కాగితం చుట్ట మీద పడుతుంది. దాని ముందు నల్లకళ్ళద్దాలతో, పట్టుచీరలో ఫెబా. కీల మీది చేతులు ఠక్కున పైకి లేపింది.

"నేనే ప్రభు గారూ! వాళ్ళు ఫైలు మార్చి పారిపోయారు. సేవ్ చేసే డబ్ల్యూ అక్షరం కొట్టలేదు కాబట్టి మార్పులింకా ఎడిటర్‌లోనే ఉన్నాయి, ఫైల్లోకి ఎక్కలేదు. తొందరగా వైరు తెంపండి!"

ప్రభు బూటు మడమలోంచి కట్టర్ తీశాడు. వైరు దాకా వెళ్ళిన చెయ్యి ఆగిపోయింది. హయాత్‌కు తెలిసింది ఈమెకు తెలియదా?

వెనక్కి తిరిగాడు. ఫెబా చేతిలో చిన్న పిస్టల్.

"అర్థమైపోయిందా? నీ చేత్తో తెంపించి నేరం నీ మీదికి నెట్టాలనే ఇక్కడికి రప్పించా. తెంపు ప్రభూ." గారు ఎగిరిపోయింది.

ఇంతలో ఘాటు తన పని చేసింది. ఫెబా తుమ్మింది. గుండు బస్తాలో దిగింది, ఎర్రటి పొడి లేచింది. ప్రభు పిస్టల్ లాక్కుని, ఆమె చేతులకు బేడీ వేసి కిటికీ ఊచకు తగిలించాడు. పాపం, కళ్ళు మండుతున్నాయని తన రుమాలు కూడా ఇచ్చాడు.

మూడూ యాభై ఎనిమిది. మార్పుల్ని పారేసి బయటపడాలంటే క్యూ అక్షరం కొట్టాలని ప్రభుకు తెలుసు. కొట్టాడు. మెషిన్ ఒకే ఒక్క ప్రశ్నార్థకం అచ్చువేసి ఊరుకుంది.

ఫెబా రుమాల్లోంచి నవ్వింది. "పాస్‌వర్డ్ అడుగుతోంది. తప్పు కొట్టావో, అంతా సేవ్. వైరే నయం."

ప్రభు కాగితం చుట్ట పైకి లాగాడు. పొద్దున పదకొండింటికి ఫెబా ఏదో తప్పు కొట్టి, చేసిందంతా వదిలేసుకున్న జాడ అక్కడ ఉంది. క్యూ. ప్రశ్నార్థకం. దాని కింద మళ్ళీ క్యూ, వెంటనే 'రెడీ'. అంతే.

మెషిన్ పాస్‌వర్డ్ అడగడం లేదు. నిజంగానే వద్దా అని అడుగుతోంది, పున్నమ్మలాగే.

"కొట్టకు!" ఫెబా కేక పెట్టింది.

మూడూ యాభై తొమ్మిదీ యాభై సెకన్లు. ప్రభు మళ్ళీ క్యూ కొట్టాడు.

టెర్మినల్ టకటకలాడింది. 'రెడీ.' అసలు ఫైలు చెక్కుచెదరలేదు.

నాలుగింటికి కిటికీ ఊచలు వణికాయి. తెల్లటి పొగచార ఊరికి దూరంగా, తిన్నగా సముద్రం వైపు సాగిపోయింది.

కేంద్రంలో ముఠా మనిషెవరో అయిదింటికల్లా ఫెబా చెప్పేసింది. ఆరింటికి ప్రభు మెస్‌లో కూర్చున్నాడు. మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. పున్నమ్మ గోంగూర గిన్నెతో వచ్చింది.

"చాలమ్మా," అన్నాడు.

మరో గరిటె పడింది. ప్రభు రెండోసారి అనలేదు.